ముందెక్కితే ముందెల్లిపోతాదేటి?

ఫ్లోరిడాలో ఒక రేవు. పొద్దున్న పదకొండు దాటింది. ఎదురుగా ఆకాశానికి అడ్డంగా గోడ కట్టినట్టు తెల్లటి ఓడ. దాని ముందున్న పెద్ద హాల్లో రెండు వరసలు. ఒక వరసకి నేల మీద నీలం తివాచీ, రెండో వరసకి ఉత్త సిమెంటు గచ్చు. గచ్చు మీద మేం ఎనిమిది మందిమి: నేను, మా ఆవిడ, అక్కడే స్థిరపడ్డ మా చెల్లెలు, వాళ్లాయన, వాళ్ల ముగ్గురు పిల్లలు, అనకాపల్లి నుంచి మాతోపాటు వచ్చిన మా పెద్దత్త. అత్తకి అప్పటికి ఎనభై. నీలం తివాచీ మీదకి వచ్చినవాళ్లు వచ్చినట్టే లోపలికి నడిచిపోతున్నారు. మా వరస కదిలితే ఒట్టు.

"తలకి ఇంత అని ఇంకొంచెం కట్టుంటే మనమూ అటే పోయేవాళ్లం పెద్దమ్మమ్మా" అంది మా చెల్లెలి పెద్దకూతురు, తప్పు తనదే అయినట్టు.

అత్త కర్ర మీద రెండు చేతులూ ఆన్చి ఆ నీలం తివాచీని ఒకసారి చూసింది. "ముందెక్కితే ముందెల్లిపోతాదేటే ఓడ?" అంది.

ఓడ ప్రయాణాల్లో ప్రయారిటీ చెకిన్, ప్రయారిటీ బోర్డింగ్ అనే సరుకు గురించి అంతకంటే సూటి ప్రశ్న నేను ఇంకెక్కడా వినలేదు. ఓడ నాలుగింటికి బయల్దేరుతుంది. పదకొండున్నరకి ఎక్కినవాడికీ నాలుగింటికే, మూడింటికి ఎక్కినవాడికీ నాలుగింటికే. మరి ఆ తివాచీ మీద అమ్ముతున్నదేమిటి?

మనకి ఈ బేరం కొత్తదేం కాదు. గుళ్లో దీని పేరు శీఘ్రదర్శనం. సింహాచలం వెళ్లినా, అనకాపల్లిలో నూకాలమ్మ జాతరకి వెళ్లినా, ధర్మదర్శనం వరస ఒకటి, డబ్బు కట్టిన వరస ఒకటి కనిపిస్తాయి. అయితే గుళ్లో డబ్బు కట్టినవాడికి ఒక లాభం కచ్చితంగా ఉంది. ముందు దర్శనం చేసుకుని ముందు ఇంటికి పోతాడు. ఓడలో ఆ సగమే జరుగుతుంది. ముందు లోపలికి పోతాడు, అంతే. తర్వాత అందరితోపాటే కూర్చుంటాడు.

అసలు ఈ వరసలు ఎందుకు పుట్టాయో తెలియాలంటే ఓడ తిరుగుడు రోజు ఎలా ఉంటుందో చూడాలి. వారం తిరిగి వచ్చిన ఓడ తెల్లవారుజామున రేవు పడుతుంది. పాతవాళ్లని దింపాలి, గదులన్నీ కడిగి దుప్పట్లు మార్చాలి, వారానికి సరిపడా కూరలు, మాంసం, పాలు ఎక్కించాలి, కొత్తవాళ్లని ఎక్కించాలి, సాయంత్రానికి మళ్లీ తాడు విప్పాలి. 2024 జనవరిలో మయామీ నుంచి తిరగడం మొదలుపెట్టిన ఐకాన్ ఆఫ్ ది సీస్ పూర్తిగా నిండితే ప్రయాణికులే దాదాపు 7,600 మంది. పొద్దున్న అంతమంది దిగి, మధ్యాహ్నం అంతమంది ఎక్కాలి. విమానంలా నలభై నిమిషాల్లో తోసేసే వ్యవహారం కాదు. అందుకే కంపెనీలు ముందుగానే ఫోన్లోనో కంప్యూటర్లోనో చెకిన్ చేయించి, ఫోటో తీయించి, పాస్‌పోర్టు వివరాలు రాయించి, ఒక్కొక్కరికి ఒక్కో టైము ఇస్తాయి. ప్రయాణికుల జాబితా ఓడ కదలకముందే అధికారులకి చేరాలి కాబట్టి చెకిన్ తలుపు ఓడ బయల్దేరడానికి గంటో గంటన్నరో ముందే మూస్తారు. ఆ తర్వాత వచ్చినవాడు సూట్ అనే ఖరీదైన గది కొన్న కోటీశ్వరుడైనా రేవులో చెయ్యి ఊపడం తప్ప చేసేదేమీ లేదు.

ఆ నీలం తివాచీ మీదకి నాలుగు దారుల్లో చేరొచ్చు. ఖరీదైన గది కొంటే దానితోపాటే వస్తుంది. నార్వీజియన్ కంపెనీ వాళ్ల హేవెన్, ఎంఎస్‌సీ కంపెనీ వాళ్ల యాట్ క్లబ్ అయితే ఓడలో ఇంకో ఓడ. వాళ్ల దారి వేరు, వాళ్ల ఈతకొలను వేరు, వాళ్ల భోజనశాల వేరు. రెండో దారి విశ్వాసం. ఒకే కంపెనీలో మళ్లీ మళ్లీ తిరిగితే, గడిపిన రాత్రుల్ని లెక్కగట్టి బంగారం, వజ్రం అని పేర్లు పెడతారు. పదవీ విరమణ చేసిన అమెరికన్లు నిండిన ఓడల్లో వజ్రాలు ఎంత ఎక్కువంటే, ఒక్కోసారి వజ్రాల వరసే మామూలు వరస కంటే పొడుగు తేలుతుంది. మూడోది విడిగా కొనుక్కునేది. కార్నివాల్ దీనికి ఫాస్టర్ టు ది ఫన్ అని, రాయల్ కరీబియన్ ది కీ అని పేర్లు పెట్టాయి. వీటి ధర ఓడని బట్టి, రోజుల్ని బట్టి మారుతుంది, కొద్దిమందికే అమ్ముతారు. నాలుగోది ఒంటి అవసరం. చక్రాల కుర్చీ, చేతికర్ర, కళ్లు కనపడకపోవడం. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. దాని సంగతి తర్వాత చెప్తాను.

ముందెక్కినవాడికి లోపల ఏం దొరుకుతుంది? చాలా ఓడల్లో గదులు మధ్యాహ్నం ఒంటిగంట దాటితేగానీ తెరవరు. పెట్టెలు అప్పటికి రావు, సాయంత్రం దాకా ఒక్కొక్కటిగా తలుపు ముందుకి చేరుతుంటాయి. కాబట్టి పదకొండున్నరకి ఎక్కిన పెద్దమనిషి చేతిసంచి తగిలించుకుని బఫే హాల్లో ప్లేటు పట్టుకు నిలబడతాడు. ఖాళీగా ఉన్న ఈతకొలనుకి ఫోటో తీసుకుంటాడు. సాయంత్రం షోకి, మసాజుకి పేరు రాయించుకుంటాడు. కార్నివాల్ వాళ్ల సరుకులో మాత్రం గదిలోకి ముందే పోనిస్తారు, పెట్టెలూ ముందే తెచ్చిస్తారు. పసిపిల్లలున్నవాళ్లకి అది డబ్బు పెట్టదగ్గ మాటే. మిగతావాళ్లు కొనేది ఒక పూట భోజనం, ఒక గంట నిలబడకపోవడం. నన్నడిగితే రెండోదానికే విలువ. అది కూడా మోకాళ్లని బట్టి.

ప్రయారిటీకి నిజంగా విలువున్న చోటు ఇంకొకటుంది, దాని గురించి ఎవరూ అట్టే చెప్పరు. కొన్ని ఊళ్లలో రేవు లోతు చాలక పెద్ద ఓడ సముద్రంలోనే లంగరు వేస్తుంది. జనాన్ని చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. వేలమంది ఉంటారు, పడవలు కొన్నే, ఊళ్లో గడిపే టైము ఆరేడు గంటలు. అక్కడ ముందు పడవ దొరికినవాడికి ఊరు దొరుకుతుంది, ఆఖరి పడవవాడికి తిరుగుటపా దొరుకుతుంది.

ఈ చిన్న పడవల సంగతి వింటే మా జిల్లావాళ్లకి పాత కథ గుర్తుకు రావాలి. విశాఖపట్నంలో ఓడ లోపలికొచ్చి గట్టుకి ఆనుకునే హార్బరు 1933 దాకా లేదు. ఆ ఏడాది అక్టోబరు 7న సింధియా కంపెనీ వాళ్ల జలదుర్గ లోపలికి వచ్చింది. అంతకుముందు స్టీమర్లు బయట సముద్రంలో నిలబడేవి. మనుషుల్నీ మూటల్నీ మసులా పడవల్లో అలల మీదుగా తీసుకెళ్లి అందించేవారు. మేకు అన్నది లేకుండా పలకల్ని కొబ్బరితాడుతో కుట్టిన పడవలవి. అల కొట్టినప్పుడు విరక్కుండా ఒంగుతాయి. భీమిలి, కళింగపట్నం, బారువ రేవుల్లోనూ అంతే. అలా ఎక్కినవాళ్లలో ఎక్కువమంది రంగం పోయేవాళ్లు.

రంగం అంటే రంగూన్. మా వైపు ఆ మాట ఇప్పటికీ ముసలివాళ్ల నోట్లో ఉంది. కోతలయ్యాక పని దొరకని రోజుల్లో, మేస్త్రీ బయానా ఇచ్చి, టిక్కెట్టు కొని, ఊళ్లో కుర్రాళ్లని జట్టుగా కట్టి తీసుకుపోయేవాడు. అక్కడ బియ్యం మిల్లులు, రేవు కూలి, రిక్షా. కాకినాడ పక్కనున్న కోరంగి పేరు మీద అక్కడివాళ్లు మనవాళ్లందర్నీ కోరంగీలనేవారు. 1931 నాటికి బర్మాలో తెలుగువాళ్లు లక్షన్నర పైమాటే. రంగూన్ రేవులో ఓడల సరుకు మోసింది చాలావరకు వీళ్ల భుజాలే. 1930 మే నెలలో వాళ్లు కూలి పెంచమని సమ్మె చేస్తే, బదులు పెట్టిన బర్మా కూలీలకీ వీళ్లకీ మధ్య రగిలిన గొడవ నగరమంతా పాకి నెత్తురు పారింది.

వీళ్ల టిక్కెట్టు డెక్కు టిక్కెట్టు. గది లేదు, మంచం లేదు, నంబరు లేదు. మనిషికి ఇంత చోటని కాగితం మీద లెక్క ఉండేది, కానీ ఆ చోటు ఎక్కడో ఎవరూ చెప్పరు. 1915లో గాంధీ కలకత్తా నుంచి రంగూన్‌కి డెక్కు మీదే వెళ్లారు. మరుగుదొడ్ల కంపు, స్నానాల గది మురికి చూసి ఓడ అధికారికి చెప్పుకున్నానని ఆత్మకథలో రాసుకున్నారు. గాంధీ ఫిర్యాదు చెయ్యగలిగారు. మేస్త్రీ జట్టులో పోయే కుర్రాడు చెయ్యగలిగింది ఒక్కటే, ముందెక్కడం. ముందెక్కినవాడికి ఇంజను వేడి తగలని చోటు, వాన జల్లు కొట్టని చోటు, దొడ్లకి దూరమైన చోటు దొరికేది. చాప పరిచిన మేర నాలుగైదు రోజులు వాడి ఇల్లు. ఆలస్యంగా ఎక్కినవాడు మూటల మధ్య కూర్చునే నిద్రపోవాలి.

మా తాత, అంటే పెద్దత్త తండ్రి, రెండుసార్లు రంగం వెళ్లొచ్చాడు. మసులా పడవ స్టీమరు పక్కకి చేరగానే, జట్టులో అందరికంటే చురుకైనవాణ్ణి చాపలన్నీ చంకన పెట్టి పైకి తరిమేవారట. వాడు ఎనిమిది చాపలూ వరసగా పరిచి, ఒకదాని మీద చెంబు, ఒకదాని మీద తువ్వాలు, ఒకదాని మీద మూట పెట్టి, చివరిదాని మీద తను పడుకునేవాడు. మిగతావాళ్లు ఎక్కేదాకా లేచేవాడు కాడు. అత్తకి ఈ కథ వంద సార్లు చెప్పి ఉంటాడు, అత్త మాకు అంతకంటే ఎక్కువసార్లు చెప్పింది. ఆ కుర్రాడు తనే అని మాత్రం తాత ఎప్పుడూ ఒప్పుకోలేదట.

అంటే, ఓడ ముందు బయల్దేరకపోయినా, ముందెక్కడానికి ఒకప్పుడు అర్థం ఉంది. చోటు తక్కువైన ఓడలో వంతే చోటు. గది తాళం జేబులో ఉన్న ఓడలో వంతు ఉత్త హోదా. ఇవాళ్టి క్రూయిజ్ కంపెనీలు అమ్మేది రెండో రకం ఓడలో మొదటి రకం భయం. ఎక్కడ వెనకబడిపోతామో అన్న ఆ ఆత్రం మన ఒంట్లో తరాల నుంచి ఉంది. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరే జాతి మనది, మనకి అమ్మడం ఎంతసేపు!

తాత ఎక్కిన ఓడల కంటే పాతవీ ఉన్నాయి. 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరోలో 342 మంది కూలీలు దిగారు. ఆ తర్వాత దశాబ్దాల్లో విశాఖ, గంజాం జిల్లాల నుంచి నేటాల్‌కి, ఫిజీకి వెళ్లినవాళ్ల సంగతి వేరే పుస్తకమవుతుంది. వాళ్లకి వరస లేదు, నంబరు ఉంది. ముందెక్కాలని ఎవరూ తొందరపడి ఉండరు.

రంగం ఓడల్లో ఒకే ఒక్కసారి వంతు ప్రాణమైంది. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాక, టిక్కెట్టు దొరికినవాళ్లు ఓడలెక్కారు. దొరకని వేలాదిమంది అరకాన్ కొండలు దాటుతూ నడిచారు. దారిలో ఎంతమంది పోయారో సరైన లెక్కే లేదు. బర్మా నుంచి తిరిగొచ్చినవాళ్ల గుర్తుగా విశాఖలో కంచరపాలెం దగ్గర బర్మా క్యాంప్ అని బస్సు కండక్టరు అరుస్తాడు. ఎక్కడం దిగడం తప్ప ఆ పేరెందుకొచ్చిందని అడిగేవాళ్లు తక్కువ.

ఇప్పటి మన రేవు సంగతికొస్తే, విశాఖ నుంచి ఏళ్ల తరబడి నిజంగా జనాన్ని మోసింది అండమాన్ ఓడలు. హర్షవర్ధన, నాన్‌కౌరి, స్వరాజ్ ద్వీప్. పోర్ట్ బ్లెయిర్‌కి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న ఊరికి, రెండు పగళ్లు రెండు రాత్రుల పైనే పడుతుంది. శ్రీకాకుళం, విశాఖ పల్లెల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ తెలుగువాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లకిది విహారం కాదు, ఊరెళ్లే బస్సు. బంక్ క్లాసు, సెకండ్, ఫస్ట్, డీలక్స్ అని తరగతులున్నా ఇందులో అసలు ప్రయారిటీ వేరేది. ద్వీపవాసి కార్డు ఉన్నవాళ్లకి ఛార్జీ బాగా తక్కువ. ఎవరికి ఈ ఓడ తప్ప దారి లేదో వాళ్లకి ముందు మేలు చెయ్యడం. ఎక్కే దగ్గర తోపులాట, మూటలు, కోడిపిల్లల బుట్టలు మామూలే, కానీ ఆ కార్డు వెనకున్న ఆలోచన నాకు ఏ నీలం తివాచీ కంటే నాగరికంగా కనిపిస్తుంది.

క్రూయిజ్ మాత్రం మనకి నిన్నమొన్నటిది. కార్డీలియా కంపెనీ వాళ్ల ఎంప్రెస్ 2022 జూన్ 8న విశాఖ నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు బయల్దేరింది. 1990లో రాయల్ కరీబియన్ కోసం కట్టిన పాత ఓడే, కానీ మన గట్టు మీద నిలబడ్డప్పుడు బీచ్ రోడ్డు సగం అటే చూసింది. ఆ యాత్రలో ఒక తమాషా జరిగింది. ఓడలో కాసినో ఉందన్న వివాదంతో పుదుచ్చేరిలో అనుమతి దొరకలేదు. ప్రయాణికులు ఒడ్డుని దూరం నుంచి చూసి ముందుకి సాగిపోయారు. విశాఖలో ముందెక్కినవాళ్లు, వెనకెక్కినవాళ్లు, సూట్ కొన్నవాళ్లు, కిటికీ లేని గది కొన్నవాళ్లు, అందరూ సమానంగా దిగలేదు. 2025 జూలైలో అదే ఓడ మళ్లీ విశాఖ వచ్చింది, ఈసారి పుదుచ్చేరి కూడా రానిచ్చింది.

ఈ మధ్యలో 2023 సెప్టెంబరులో విశాఖ పోర్టు దాదాపు 96 కోట్లతో కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్‌ని ప్రారంభించారు. రెండు వేల మంది ప్రయాణికుల ఓడకి సరిపడా కట్టారు. ఏడాదిలో దాని గట్టుకి ఆనిన ఓడల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. కాబట్టి అనకాపల్లి మనిషికి ప్రయారిటీ సమస్య టెర్మినల్ లోపల కాదు, గాజువాకలో ఉంది. ముప్పై అయిదు కిలోమీటర్ల దూరమే, కానీ లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక కూడళ్లు దాటడానికి ఎంత పడుతుందో చెప్పగల మొనగాడు లేడు. తెలిసినవాళ్లు పొద్దున్నే రైలెక్కుతారు. దేశంలోపలి యాత్రకి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఆధార్ చాలు. కాగితాలు ముందే సిద్ధం చేసుకుని, పెట్టెలకి చీటీలు కట్టుకుని, ఇచ్చిన టైముకి వస్తే రెండు వేల మంది ఓడకి ఏ తివాచీ అవసరం పడదు.

అమెరికాలో పిల్లల దగ్గరకెళ్లే మన తల్లిదండ్రులకి మాత్రం ఒక మాట చెప్పాలి. పిల్లలు ముచ్చటపడి ప్రయారిటీ కొంటారు. కానీ మన చేతిలో భారతీయ పాస్‌పోర్టు ఉంటుంది. వీసా, దేశంలోకి వచ్చిన రోజు వివరాలు మనిషే చూడాలి. అమెరికా పౌరులు ఫోను చూపించి నడిచిపోయే దగ్గర మనల్ని పక్క బల్లకి పంపించడం తరచూ జరిగేదే. డబ్బు కట్టిన వరస ఆ బల్ల దగ్గర ఆగిపోతుంది. కొనేముందు ఆ సంగతి కంపెనీని అడగడం మంచిది.

నాలుగో దారి గురించి చెప్తానన్నాను. వయసు, జబ్బు, వైకల్యం ఉన్నవాళ్లని ముందు పంపడం దయ కాదు, మన దేశంలో 2016 వికలాంగుల హక్కుల చట్టం రవాణాని వైకల్యం ఉన్నవాళ్లకి అందుబాటులో ఉంచమని చెప్తోంది. చిక్కెక్కడంటే, కొన్నవాళ్లనీ కావలసినవాళ్లనీ ఒకే వరసలో నిలబెట్టినప్పుడు, కొన్నవాళ్లు ఎక్కువై కావలసినవాళ్లు మళ్లీ వెనకపడతారు. డబ్బు కట్టిన వరస భద్రమైన వరస అనుకోవడం కూడా పొరపాటే. 2025 ఏప్రిల్ 30న సింహాచలం చందనోత్సవం వేకువన గోడ కూలి ఏడుగురు పోయింది మూడు వందల రూపాయల టిక్కెట్టు వరసలోనే. వరస ఎవరిదన్నది కాదు, ఆ వరస నిలబడే చోటు ఎలా కట్టారన్నది ముందు అడగాల్సింది.

ఓడవాళ్లు ఈ పాఠం ఖరీదు పెట్టి నేర్చుకున్నారు. 2012 జనవరి 13న ఇటలీ దగ్గర కోస్టా కాంకోర్డియా రాతికి తగిలి ఒరిగిపోయినప్పుడు 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రమే కొత్తగా ఎక్కిన దాదాపు 700 మందికి ప్రమాదంలో ఎక్కడికి పోవాలో అప్పటికి ఎవరూ నేర్పలేదు. అప్పటిదాకా ఇరవై నాలుగ్గంటల్లో నేర్పితే చాలన్నది రూలు. ఆ తర్వాత ఓడ కదిలేముందో కదలగానేనో నేర్పాలని మార్చారు. ఆ డ్రిల్లులో ఎవరికి ఏ చోటన్నది తాళం కార్డు మీద అచ్చయి ఉంటుంది. కంపెనీలు అమ్మకుండా వదిలిపెట్టిన వరస నాకు తెలిసి అదొక్కటే.

మా ఫ్లోరిడా వరసకి తిరిగొస్తాను. అత్త ఆ మాటన్న కాసేపటికి యూనిఫాం వేసుకున్న ఒకమ్మాయి కర్రని చూసి చక్రాల కుర్చీ తెచ్చింది. తోడు ఒక్కరికే అవకాశం అంది. మేనకోడలు వెళ్లింది. ఇద్దరూ నీలం తివాచీ మీద నుంచి మా కళ్లముందే దాటిపోయారు. అత్త వెనక్కి తిరిగి చెయ్యి కూడా ఊపలేదు, ఏదో పనిమీద వెళ్తున్నట్టు ముందుకే చూస్తోంది. మాకు ఇంకో గంట పది నిమిషాలు పట్టింది. పక్క బల్ల, వీసా, ఇంకో పక్క బల్ల.

పైకెళ్లి చూస్తే బఫే హాలు పెళ్లిపందిరిలా ఉంది. ప్లేట్లు పట్టుకున్న జనం కూర్చునే చోటు లేక గుండ్రంగా తిరుగుతున్నారు. కిటికీ పక్కన సముద్రం కనపడేలా ఒక పొడుగు బల్ల మాత్రం ఖాళీగా ఉంది. దాని చుట్టూ ఎనిమిది కుర్చీలు. ఒకదాని మీద అత్త శాలువా, ఒకదాని మీద కళ్లజోడు డబ్బా, ఒకదాని మీద చేతికర్ర, ఒకదాని మీద మందుల సంచి, ఒకదాని మీద అనకాపల్లి నుంచి తెచ్చుకున్న బెల్లం డబ్బా, ఒకదాని మీద మేనకోడలి టోపీ. ఏడోదాని మీద మేనకోడలు, సిగ్గుతో తల వంచుకుని. చివరి కుర్చీలో అత్త.

"ఏటి ఇంతసేపు?" అంది.